కలవారి మీద పన్ను పెంచితే లోటు తగ్గుతుంది

బడ్జెట్ ప్రసంగం ముగిసీ ముగియగానే టీవీ చర్చల్లోనూ, మర్నాటి పత్రికల్లోనూ ఏటా ఒకే తీర్పు వెలువడుతుంది. బాగా సంపాదించేవారి మీద పన్ను పెంచినంత మాత్రాన ప్రభుత్వ లోటు తగ్గదని. అందుకు చెప్పే కారణాలు నాలుగు. వాళ్లు పిడికెడు మంది, ఎంత పిండినా వచ్చేది చిల్లర. ఇందిరాగాంధీ హయాంలో నూటికి తొంభై ఏడు రూపాయలు అడిగి చూశాం, ఖజానాకు ఒరిగిందేమీ లేదు. గట్టిగా అడిగితే దుబాయ్‌కో సింగపూర్‌కో వెళ్లిపోతారు. వెళ్లకపోయినా పెట్టుబడులు ఆపేస్తారు, ఉద్యోగాలు పోతాయి. ఈ మాటలు ఎంతగా పాతుకుపోయాయంటే, 2024 లోక్‌సభ ఎన్నికల ప్రచారంలో వారసత్వ పన్ను ప్రస్తావన రాగానే అధికార పక్షం దాన్ని ఆయుధంగా అందుకుంది, ప్రతిపక్షం ఆ ఆలోచన తమది కాదని చేతులు దులుపుకుంది. నిజానికి ఈ నాలుగు కారణాల్లో ఒక్కటి కూడా లెక్కకు నిలవదు.

ముందు అసలు ప్రశ్న ఏమిటో తేల్చుకోవాలి. లోటు తగ్గుతుందా అని అడిగితే, మొత్తం పూడదు కదా అని జవాబు చెప్పడం ఈ వాదానికి అలవాటు. 2025-26 కేంద్ర బడ్జెట్ అంచనాలో ద్రవ్యలోటు 15.69 లక్షల కోట్ల రూపాయలు, అంటే జీడీపీలో 4.4 శాతం. ఈ అంకె చూపించి, సంపన్నులందరి జేబులూ దులిపినా ఇంత రాదంటారు. కానీ అదే బడ్జెట్‌లో పాత అప్పుల మీద వడ్డీలకే 12.76 లక్షల కోట్లు పోతోంది. ఆ వడ్డీని పక్కన పెడితే, ఆ ఏటి రాబడికీ ఖర్చుకీ మధ్య తేడా 2.93 లక్షల కోట్లు. ఆర్థికవేత్తలు ప్రాథమిక లోటు అనేది దీన్నే. దేశ ఆదాయం వడ్డీ రేటు కంటే వేగంగా పెరుగుతున్నంత కాలం ఈ తేడా ఒక్కటి పూడిస్తే చాలు, జీడీపీతో పోల్చినప్పుడు అప్పు భారం ఏటికేడాది తగ్గుతూ వస్తుంది. కాబట్టి మనం ఎక్కాల్సిన కొండ ఎత్తు పదిహేనున్నర లక్షల కోట్లు కాదు, మూడు లక్షల కోట్ల లోపు.

ఇక మొదటి కారణం, పిడికెడు మంది అన్న మాట. మనుషులు కొద్దిమందే, కానీ ఆదాయం కొద్దిపాటిది కాదు. 2022-23లో దేశ ఆదాయంలో 22.6 శాతం పైవరుసలోని ఒక శాతం మందికే చేరిందని వరల్డ్ ఇనీక్వాలిటీ ల్యాబ్ పరిశోధకులు 2024లో అంచనా వేశారు. సంపదలో వాళ్ల వాటా 40.1 శాతం. ఈ అంకెలతో ఒక చిన్న లెక్క వేద్దాం. 2025-26 జీడీపీని బడ్జెట్ సుమారు 357 లక్షల కోట్లుగా తీసుకుంది. జాగ్రత్త కోసం దేశ ఆదాయాన్ని 300 లక్షల కోట్లే అనుకుందాం. అందులో 22.6 శాతం అంటే దాదాపు 68 లక్షల కోట్లు. ఇందులోంచి నూటికి రెండు రూపాయలు అదనంగా రాబడితే 1.36 లక్షల కోట్లు. ఆ ఆదాయమంతా రిటర్నుల్లో కనిపించదని, కనిపించిన దానిలోనూ కొంత జారిపోతుందని సగం కొట్టేసినా 68 వేల కోట్లు మిగులుతుంది. ప్రాథమిక లోటులో అది దాదాపు నాలుగో వంతు. నూటికి రెండు రూపాయలకు, అందులోనూ సగం పోగొట్టుకున్నాక వచ్చే ఫలితం ఇది. దీన్ని చిల్లర అనడం అన్యాయం.

రెండో కారణం అందరి నోటా ఉండే 97.75 శాతం. ఆ అంకె నిజమే. 1973-74లో పైశ్లాబు రేటు 85 శాతం, దాని మీద 15 శాతం సర్‌ఛార్జి, కలిపితే 97.75. ఎగవేతలకు ఇంత ఎత్తున్న రేట్లే ముఖ్య కారణమని ప్రత్యక్ష పన్నుల మీద ప్రభుత్వం వేసిన వాంఛూ కమిటీ తేల్చింది, 75 శాతానికి దించమంది. 1974-75లో ప్రభుత్వం 77 శాతానికి దించింది. కమిటీ చెప్పింది సరైనదే. నూరు రూపాయలు సంపాదిస్తే రెండేకాలు రూపాయలు చేతికిచ్చే పన్నును ఎవరూ నిజాయితీగా కట్టరు. అయితే ఈ అనుభవం మనకు చెప్పేదేమిటి? 97.75 పనికిరాదని మాత్రమే. ఇవాళ కొత్త పన్ను విధానంలో అత్యధిక రేటు, సర్‌ఛార్జీలూ సెస్సూ అన్నీ కలుపుకుని, 39 శాతం. 2019లో అత్యధిక రేటును 42.74 శాతానికి తీసుకెళ్లారు, 2023లో కొత్త విధానంలో 39కి దించారు. 39ని 45 చేయమంటే 97.75ని చూపించి భయపెట్టడం వాదన అనిపించుకోదు.

పైగా ఆనాటి వ్యవస్థకు ఎన్ని కంతలున్నాయో తలచుకోవాలి. బ్యాంకు ఖాతాను భూమి రిజిస్ట్రేషన్‌తో, దాన్ని షేర్ల కొనుగోలుతో జతపరిచి చూసే కంప్యూటర్ లేదు. బినామీ పేర్లు, కుటుంబ ట్రస్టులు, కంపెనీ ఖాతాలో రాసుకునే కార్లూ బంగళాలూ మామూలు వ్యవహారం. ఇవాళ డీమ్యాట్ ఖాతాలో ఏ షేరు ఎప్పుడు కొన్నారో, ఎంతకు అమ్మారో ఆదాయపు పన్ను శాఖ మన రిటర్నుకన్నా ముందే మన వార్షిక సమాచార నివేదికలో చూపిస్తోంది. 1973లో వసూలు కానిది ఇప్పుడూ వసూలు కాదనడం ఈ యాభై ఏళ్లూ జరగనట్టు మాట్లాడటమే.

సంపద పన్ను కథ కూడా ఇలాగే తిరగబడింది. 1957లో వచ్చిన ఆ పన్నును 2015 బడ్జెట్‌లో ఆర్థిక మంత్రి అరుణ్ జైట్లీ రద్దు చేశారు. 2013-14లో దేశం మొత్తం మీద దాని వసూలు 1,008 కోట్లే. సంపన్నుల పన్ను దండగ అనడానికి ఈ అంకెను ఇప్పటికీ వాడుకుంటారు. అయితే అంత తక్కువ ఎందుకొచ్చింది? 1990ల మొదట్లో తెచ్చిన సంస్కరణల తరవాత షేర్లు, బాండ్ల వంటి ఆస్తుల్ని ఆ పన్ను లెక్కలోంచి తీసేశారు. నగలు, కార్లు, ఖాళీ పట్టణ స్థలాలు, అదనపు ఇళ్లు వంటివే మిగిలాయి. పెద్ద సంపన్నుడి ఆస్తిలో సింహభాగం షేర్లే కదా. గండి కొట్టిన చెరువులో నీళ్లు నిలవలేదని వానను తప్పుపట్టినట్టుంది ఈ వాదం. ఇంకో సంగతి, అదే ప్రసంగంలో జైట్లీ సంపద పన్నుకు బదులుగా కోటి దాటిన ఆదాయం మీద 2 శాతం అదనపు సర్‌ఛార్జి వేస్తూ, దానితో సుమారు 9,000 కోట్లు వస్తుందని చెప్పారు. అంటే కంతల పన్ను తీసేసి సూటి పన్ను వేస్తే రాబడి తొమ్మిదింతలవుతుందని ఆ ప్రభుత్వమే లెక్కగట్టింది. సంపన్నుల పన్నుతో డబ్బు రాదన్న మాటకు ఇంతకన్నా గట్టి ఖండన అక్కర్లేదు.

1997 నాటి డ్రీమ్ బడ్జెట్ మరో అస్త్రం. అప్పటి ఆర్థిక మంత్రి చిదంబరం పైశ్లాబును 40 నుంచి 30కి దించారు, ఆ తరవాత రాబడి పెరిగింది, కాబట్టి తగ్గించడమే మందు అంటారు. కానీ ఆ ఏడే నల్లధనం వెల్లడి పథకం పెట్టి సుమారు పదివేల కోట్ల పన్ను రాబట్టారు. పెద్ద నగరాల్లో ఇల్లు, వాహనం, ఫోన్, విదేశీ ప్రయాణం వంటి గుర్తుల్లో ఏ రెండు ఉన్నా రిటర్ను వేయాలన్నారు. మూలంలోనే పన్ను కోసుకునే పద్ధతి విస్తరించింది, పాన్ తప్పనిసరి అవుతూ వచ్చింది, ఐదో వేతన సంఘం జీతాలు పెంచింది, ఆపై ఐటీ రంగం విరబూసింది. ఇన్ని కలిసి తెచ్చిన రాబడిని ఒక్క రేటు తగ్గింపు ఖాతాలో జమచేయడం సరికాదు.

ఇప్పుడు అసలు కంత ఎక్కడుందో దగ్గరగా చూద్దాం. హైటెక్ సిటీలో ఏడాదికి 30 లక్షల జీతం తీసుకునే ఇంజనీరు ఉన్నారనుకోండి. 2025-26 కొత్త విధానంలో 75 వేల ప్రామాణిక తగ్గింపు పోగా 29.25 లక్షల మీద పన్ను. శ్లాబుల ప్రకారం 24 లక్షల దాకా 3 లక్షలు, మిగిలిన 5.25 లక్షల మీద 30 శాతం చొప్పున 1.575 లక్షలు, దానిపై 4 శాతం సెస్సు. మొత్తం సుమారు 4.76 లక్షలు. జీతంలో 15.9 శాతం. ఇది ప్రతి నెలా జీతం చేతికి రాకముందే కోసుకుంటారు. అదే ఊళ్లో మరొకరు ఎప్పుడో కొన్న లిస్టెడ్ షేర్లు అమ్మి ఒకే ఏడాదిలో 5 కోట్ల దీర్ఘకాలిక లాభం పొందారు. ఆయన రేటు 12.5 శాతం. ఆదాయం ఎంత పెద్దదైనా ఈ లాభం మీద సర్‌ఛార్జి 15 శాతం దాటకూడదని చట్టమే గీత గీసింది. 1.25 లక్షల మినహాయింపు పోగా సర్‌ఛార్జీ, సెస్సూ కలిపితే కట్టేది సుమారు 74.6 లక్షలు, లాభంలో 14.9 శాతం. పొద్దున్నుంచి రాత్రిదాకా పనిచేసి 30 లక్షలు సంపాదించినవారి కంటే, షేర్లమ్మి 5 కోట్లు గడించినవారు నూటికి ఒక రూపాయి తక్కువ కడుతున్నారు. ఎక్కువ సంపాదించేవారి మీద పన్ను పెంచాలంటే జీతగాళ్లు ఉలిక్కిపడతారు, మళ్లీ మా మీదేనా అంటారు. వాళ్ల భయం న్యాయమైనదే. అందుకే పెంచాల్సింది జీతాల మీద కాదు, పెద్ద మొత్తాల్లో వచ్చే మూలధన లాభాల మీద, డివిడెండ్ల మీద. లోటు తగ్గించే డబ్బు ఉన్నది అక్కడే.

మూడో కారణం పారిపోవడం. మనిషి పోవచ్చు, ఆదాయం పుట్టే చోటు పోదు. కోకాపేటలో 2023 ఆగస్టులో జరిగిన వేలంలో ఎకరం ధర 100.75 కోట్ల దాకా పలికింది. ఆ ఎకరాన్ని ఎవరూ దుబాయ్‌కి మూటగట్టుకుపోలేరు. జీనోమ్ వ్యాలీలోని మందుల కంపెనీ, విశాఖలోని ఓడరేవు కాంట్రాక్టు, ముంబై ఎక్స్ఛేంజీలో అమ్మే షేరు అన్నీ ఇక్కడివే, వాటి లాభం మీద పన్ను వేసే అధికారం ఇక్కడిదే. ఒకప్పుడు మారిషస్ ఒప్పందం ఈ అధికారానికి పెద్ద గండి. 2016లో దాన్ని సవరించారు, 2017 ఏప్రిల్ నుంచి కొన్న షేర్ల లాభం మీద పన్ను మనకే వస్తోంది. ఏ దేశంలోనూ పన్ను కట్టకుండా తిరిగే భారత పౌరుడి ఇక్కడి ఆదాయం 15 లక్షలు దాటితే అతణ్ణి ఇక్కడి నివాసిగానే లెక్కించాలని 2020లో చట్టం చేశారు. ప్రభుత్వం తలచుకుంటే దారులు మూయగలదని ఇవి రుజువు చేస్తున్నాయి.

అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం సంగతి చూడండి. అక్కడివారు పక్క రాష్ట్రానికి మారాలంటే వీసా కూడా అక్కర్లేదు, కారెక్కితే గంటలో న్యూహాంప్‌షైర్. అయినా 2022 నవంబరులో ఓటర్లు 10 లక్షల డాలర్లు దాటిన ఆదాయం మీద 4 శాతం అదనపు పన్నుకు ఆమోదం తెలిపారు. 2024 ఆర్థిక సంవత్సరానికి ఆ రాష్ట్రం బడ్జెట్‌లో రాసుకున్నది 100 కోట్ల డాలర్లు, వసూలైంది 200 కోట్ల పైచిలుకు. కొందరు వెళ్లిపోతారు, నిజమే. వెళ్లినవారి వల్ల పోయేదానికన్నా ఉన్నవారి నుంచి వచ్చేది ఎక్కువా కాదా అన్నదే లోటుకు సంబంధించిన ప్రశ్న.

నాలుగో కారణం పెట్టుబడులు. దీన్ని మన దేశం పెద్ద ఎత్తున పరీక్షించి చూసింది కూడా. 2019 సెప్టెంబరు 20న కార్పొరేట్ పన్నును 30 నుంచి 22 శాతానికి, కొత్త తయారీ సంస్థలకు 15 శాతానికి దించారు. ఖజానా వదులుకునేది ఏటా 1.45 లక్షల కోట్లని ప్రభుత్వమే ప్రకటించింది. ఆ ఏడాది కార్పొరేట్ పన్ను రాబడి 6.63 లక్షల కోట్ల నుంచి 5.57 లక్షల కోట్లకు పడింది. మందగమనం కూడా దానికి తోడైంది. 3.3 శాతం అనుకున్న ద్రవ్యలోటు 4.6 శాతానికి చేరింది. లాభాలు పెరిగితే ఉద్యోగాలు వెల్లువెత్తుతాయన్నారు. 2019-20కీ 2022-23కీ మధ్య 33 వేలకు పైగా కంపెనీల పన్నుకు ముందటి లాభం దాదాపు నాలుగింతలైందని, నియామకాలూ జీతాలూ ఆ స్థాయిలో పెరగలేదని 2023-24 ఆర్థిక సర్వే రాసింది. కంపెనీ కొత్త యంత్రం కొనేది సరుకు అమ్ముడుపోతుందన్న నమ్మకం ఉన్నప్పుడు. కొనేవాడి జేబు ఖాళీగా ఉంటే యజమానికి పన్ను తగ్గించినా కొత్త షెడ్డు లేవదు.

పైవారిని వదిలేస్తే లోటు ఆగదు, దాన్ని పూడ్చే భారం కిందివారి మీద పడుతుంది. 2020 వేసవి ఇందుకు సాక్ష్యం. ఆ ఏప్రిల్‌లో లాక్‌డౌన్ మధ్య కొందరు యువ ఐఆర్‌ఎస్ అధికారులు కలిసి ఒక నివేదిక తయారుచేశారు. కోటి రూపాయలు దాటిన ఆదాయం మీద కొద్దికాలం పాటు 40 శాతం పన్ను, లేదంటే 5 కోట్లు దాటిన ఆస్తి మీద సంపద పన్ను వేయవచ్చని సూచించారు. ప్రత్యక్ష పన్నుల కేంద్ర బోర్డు వెంటనే ఆ నివేదికతో తనకు సంబంధం లేదని ప్రకటించి, ముగ్గురు సీనియర్ అధికారులకు ఛార్జిషీటు ఇచ్చింది. రెండు వారాలు తిరక్కుండానే, మే 5 రాత్రి, కేంద్రం పెట్రోలు మీద లీటరుకు 10 రూపాయలు, డీజిలు మీద 13 రూపాయలు ఎక్సైజ్ సుంకం పెంచింది. మార్చిలో పెంచిన 3 రూపాయలతో కలిపి పెట్రోలు సుంకం 32.98, డీజిలు సుంకం 31.83 అయింది. ముడి చమురు ధర పడిపోయి ఉండటంతో ఆ రోజు బంకులో ధర పెరగలేదు. తగ్గాల్సినది తగ్గలేదు, జూన్‌లో వారాల తరబడి దాదాపు రోజూ పెరిగింది. కేంద్ర ఎక్సైజ్ రాబడి ఏడాదిలో 2.4 లక్షల కోట్ల నుంచి 3.9 లక్షల కోట్లకు ఎగబాకింది. బేరాల్లేక నడిరోడ్డు మీద నిలబడ్డ ఆటో డ్రైవరు, వలస వెళ్లినవారిని తిరిగి తెచ్చిన లారీ, దుక్కి దున్నే ట్రాక్టరు ఆ ఒకటిన్నర లక్షల కోట్లు కట్టాయి. పన్ను పెంచితే రాబడి వస్తుందని ప్రభుత్వానికి బాగా తెలుసు. ఎవరి మీద పెంచాలన్న దగ్గరే చూపు కిందికి పోతోంది.

దుబారా తగ్గించండి, ఉచిత పథకాలు ఆపండి, పన్నుల సంగతి తరవాత అని ఇంకో మాట అంటారు. దుబారా తగ్గించాల్సిందే. కానీ కేంద్రం పెట్టే ప్రతి నాలుగు రూపాయల ఖర్చులో ఒక రూపాయి వడ్డీ, దాన్ని ఎవరూ కోయలేరు. ఉపాధి హామీకి 2025-26లో కేటాయించింది 86 వేల కోట్లు, కార్పొరేట్ పన్ను తగ్గింపుతో ఏటా వదులుకుంటామని 2019లో ప్రభుత్వం లెక్కగట్టింది 1.45 లక్షల కోట్లు. కూలీకి పని ఇస్తే దాన్ని ఉచితమంటాం. కంపెనీకి పన్ను వదిలేస్తే దాన్ని ప్రోత్సాహమంటాం. లోటు దృష్టిలో రెండూ ఖజానా నుంచి పోయిన డబ్బే.

తెలుగు రాష్ట్రాలకు ఇందులో సూటిగా తగిలే సంగతి ఒకటుంది. వ్యవసాయ ఆదాయం తప్ప మరే ఆదాయం మీదా రాష్ట్రాలు పన్ను వేయలేవు. కేంద్రం సర్‌ఛార్జి రూపంలో, సెస్సు రూపంలో వసూలు చేసేదాన్ని రాష్ట్రాలకు పంచనక్కర్లేదని రాజ్యాంగంలోని 270, 271 అధికరణలు చెబుతున్నాయి. పదేళ్లుగా కలవారి మీద పెంచింది ఎక్కువగా సర్‌ఛార్జి దారిలోనే పెంచారు. అదే లక్ష కోట్లు మూల రేటు పెంచి రాబడితే, 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం చెప్పిన వాటాల ప్రకారం 41 వేల కోట్లు రాష్ట్రాలకు వెళ్లాలి. అందులో ఆంధ్రప్రదేశ్‌కు 4.047 శాతం, అంటే సుమారు 1,660 కోట్లు, తెలంగాణకు 2.102 శాతం, అంటే సుమారు 860 కోట్లు. సర్‌ఛార్జి అయితే రెండింటికీ సున్నా. ఆ సున్నాను పూడ్చుకోవడానికి తెలంగాణ పెట్రోలు మీద 35.2 శాతం వ్యాట్ వేస్తోంది. ఆంధ్రప్రదేశ్ 31 శాతం వ్యాట్‌కు తోడు లీటరుకు 4 రూపాయలు, ఆపై రోడ్డు సెస్సు వేస్తోంది. రెండు రాష్ట్రాలూ మద్యం రాబడి మీద, భూముల అమ్మకాల మీద ఆధారపడుతున్నాయి. కేంద్రం పైవారి దగ్గర మొహమాటపడితే ఆ నష్టం రాష్ట్రాలకు, రాష్ట్రాల నుంచి బంకు దగ్గర నిలబడ్డ మనిషికి చేరుతోంది.

కాబట్టి అడగాల్సింది స్పష్టంగా అడగాలి. ఏడాదికి కోటి దాటిన మూలధన లాభాన్ని జీతం పడే శ్లాబులోనే లెక్కించాలి. ఆ లాభాల, డివిడెండ్ల సర్‌ఛార్జి మీదున్న 15 శాతం గీత చెరిపేయాలి. 5 కోట్లు దాటిన ఆదాయానికి మూల రేటులోనే కొత్త శ్లాబు పెట్టి, దాన్ని రాష్ట్రాలతో పంచుకోవాలి. పెద్ద వ్యాపార ఆదాయాలున్నవారు పంట ఆదాయమని రాసుకునే మొత్తాలకు పన్ను మినహాయింపు ఎత్తేయాలి, అప్పుడు నిజమైన రైతుకు పైసా నష్టం ఉండదు. 1985లో తీసేసిన వారసత్వ పన్నును (అప్పటి పేరు ఎస్టేట్ డ్యూటీ) 10 కోట్లు దాటిన ఆస్తులకు మాత్రమే, నడవగలిగే రేటుతో తిరిగి తేవాలి. పాత ఎస్టేట్ డ్యూటీలా 85 శాతం దాకా అడిగితే మళ్లీ పాత గతే పడుతుంది.

ఇవన్నీ కలిపినా ద్రవ్యలోటు ఒక్క ఏడాదిలో మాయం కాదు, అవుతుందని ఎవరూ అనడం లేదు. ప్రాథమిక లోటు మాత్రం గణనీయంగా తగ్గుతుంది, అప్పు మీద అప్పు చేసే అవసరం తగ్గుతుంది, వడ్డీకి పోయే ఆ నాలుగో రూపాయి బడికీ ఆసుపత్రికీ మిగలడం మొదలవుతుంది. లోటు తగ్గాలని నిజంగా కోరుకునేవారు తమ లెక్కలోంచి దేశ ఆదాయంలో అయిదో వంతుకు పైగా అందుకుంటున్నవారిని మినహాయించకూడదు. మినహాయించి వేసే ఏ లెక్కయినా పేదవాడి పెట్రోలు బిల్లు దగ్గరే తేలుతుంది.